కిడ్నీ పైపు ఇబ్బంది పెడితే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

నడుం పైన, వీపు పక్కగా ఒక సన్నటి పైపు, దానికో యూరిన్ బ్యాగు. వార్డులో మేం పీసీఎన్ అంటాం, పేషెంట్ల ఇళ్లల్లో 'కిడ్నీ పైపు' అంటారు. రాయి అడ్డుపడినా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మూత్రనాళాన్ని నొక్కేసినా మూత్రం కిందికి దిగదు, కిడ్నీ ఉబ్బిపోతుంది. అప్పుడు వెనకనుంచి దారి చేసి మూత్రాన్ని బయటికి తీస్తారు. విశాఖలో యూరాలజీ వార్డు నర్సుగా ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. పైపు వేయడం కాసేపటి పని, ఆ తర్వాత నెలల తరబడి దాన్ని కాపాడేది ఇంట్లోవాళ్లే. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు నుంచి వచ్చేవాళ్లకి ఊరికూరికే ఆస్పత్రికి రావడం కుదరదు. అందుకే దేనికి ఆగొచ్చో, దేనికి వెంటనే బయల్దేరాలో తెలిసి ఉండాలి.

పైపు ఎలా వేస్తారో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పేషెంటును బోర్లా పడుకోబెట్టి, అక్కడివరకే మత్తు ఇచ్చి, స్కానింగులో చూస్తూ కిడ్నీలోకి సూది దించుతారు. కిడ్నీ వెనకవైపు రక్తనాళాలు తక్కువగా ఉండే చోటు ఒకటుంది, సూది అక్కణ్ణుంచే వెళ్లాలి. సూదిలోంచి తీగ పంపి, దాని మీదుగా దారి వెడల్పు చేసి, పైపు ఎక్కిస్తారు. ఎక్కువగా వాడేది 8 నుంచి 10 ఫ్రెంచ్ సైజు, అంటే మూడు మిల్లీమీటర్లు అటూఇటూ. లోపలి కొస పంది తోకలా చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్ట విడిపోకుండా ఒక దారం బిగించి ఉంటుంది. అంత సన్నటి పైపు పూడుకుపోవడం తేలిక. చుట్ట విడిపోతే జారిపోవడమూ తేలికే.

బ్యాగులోకి మూత్రం రావడం లేదు

ముందు బయట చూడండి. పడుకున్నప్పుడు పైపు నడుం కింద నలిగిందా? మెలిక పడిందా? ట్యాప్ మూసి ఉందా? బ్యాగు నిండిపోయిందా, లేక కిడ్నీ కంటే ఎత్తున పెట్టారా? చాలాసార్లు విషయం ఇక్కడే తేలిపోతుంది. బ్యాగు ఎప్పుడూ నడుం కిందే ఉండాలి, సగం దాటగానే ఖాళీ చేయాలి.

బయట అంతా బాగున్నా రాకపోతే లోపల రక్తపు గడ్డ గానీ, చీము గానీ, మడ్డి గానీ అడ్డుపడి ఉంటుంది. ఆస్పత్రిలో మీకు నేర్పించి ఉంటేనే, శుభ్రంగా చేతులు కడుక్కుని, 5 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్ మెల్లగా పంపండి. సెలైన్ లోపలికి వెళ్లకుండా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయండి. బలంగా నొక్కితే లోపలి క్రిములు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. నేర్పించకపోతే ఆ పని అసలు పెట్టుకోవద్దు. రెండు మూడు గంటలు చుక్క రాకపోయినా, ఈలోపే నడుం నొప్పి మొదలైనా బయల్దేరండి.

పైపు ఊడి వచ్చేసింది

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒకావిడ రాత్రి పక్కకి తిరుగుతుంటే పైపు మంచం కోడుకి తగులుకుని వచ్చేసింది. నొప్పి లేదు, రక్తం లేదు. తెల్లారాక చూద్దాంలే అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం వాళ్లాయన దాన్ని పాలిథిన్ కవర్లో జాగ్రత్తగా చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొసన చుట్ట అలాగే ఉంది. పైపు వేసి అప్పటికి పది రోజులే అయింది. దారి మూసుకుపోయింది, మళ్లీ మొదటినుంచి సూది వేయాల్సి వచ్చింది. పడుకునేముందు పైపును నడుంకి ఎలా అంటించాలో డిశ్చార్జి రోజు వాళ్లకి ఎవరూ చూపించలేదట.

కొత్తగా చేసిన దారి కొన్ని గంటల్లోనే మూసుకుపోతుంది. నెల దాటిన దారైతే కాస్త గట్టిపడి ఉంటుంది, త్వరగా వస్తే అదే దారిలో కొత్త పైపు ఎక్కించే అవకాశం ఉంది. అందుకే అది ఏ రాత్రయినా సరే, వెంటనే రండి. వచ్చేసిన పైపును మీరు లోపలికి తొయ్యకండి. రంధ్రం మీద శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ వేయండి, పైపును పారేయకుండా వెంట తెండి.

ఊడకుండా ఉండాలంటే రెండు పనులు. చర్మం దగ్గర పైపు మీద మార్కర్ పెన్నుతో గీత గీయించుకోండి. ఆ గీత రోజురోజుకీ బయటికి జరుగుతుంటే పైపు జారుతోందని అర్థం. రెండోది, గీతకి జానెడు దూరంలో పైపుకి చిన్న వంపు ఇచ్చి నడుంకి ఇంకో ప్లాస్టర్ వేయండి. బస్సులో సీటు కమ్మీకి తగులుకున్నా ఆ లాగుడు ప్లాస్టర్ మీదే పడుతుంది. ఘాట్‌రోడ్డు దిగివచ్చేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

మూత్రం ఎర్రగా వస్తోంది

మొదటి రెండు రోజులు లేత గులాబీ రంగులో రావడం మామూలే, నీళ్లు తాగుతుంటే తేరుకుంటుంది. చిక్కటి ఎరుపు, గడ్డలు, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆస్పత్రికే. వారం, పది రోజులు బాగుండి ఒక్కసారిగా ఎర్రబడితే లోపల రక్తనాళం గోడ దెబ్బతిని ఉబ్బి ఉండొచ్చు. దాన్ని రక్తనాళంలోంచే వెళ్లి మూసేయగలరు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, కానీ సొంతంగా ఆపకండి.

చలి, వణుకు, జ్వరం

దీనికి పారాసెటమాల్ వేసి కూర్చోకండి. పూడుకుపోయిన కిడ్నీలో చీము ఉంటే గంటల్లో బీపీ పడిపోతుంది. 108కి ఫోన్ చేయండి. పైపు వేసిన రోజే ఆయాసం వస్తే ఊపిరితిత్తి పొరకి సూది తగిలిందేమో చూడాలి, వెంటనే నర్సుకి చెప్పండి.

పైపు పక్కనుంచి తడి, దురద

డ్రెస్సింగు తడుస్తుంటే ముందు పైపు పూడుకుందేమో, గీత జరిగిందేమో చూడండి. రెండూ కాకపోతే చెమటే కావచ్చు. విశాఖ ఉక్కపోతకి ఏప్రిల్, మే నెలల్లో ప్లాస్టర్ పూటకే ఊడొస్తుంది. చర్మం పూర్తిగా ఆరాకే కొత్తది వేయండి, పౌడర్ వద్దు. ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కనిపించినా డాక్టరుకి చూపించాలి.

పైపు వేసిన మొదటి రోజుల్లో బ్యాగు మీద బ్యాగు నిండితే కంగారుపడకండి, అడ్డు తొలగిన కిడ్నీ అలా వదులుతుంది. గంటకి 200 మిల్లీలీటర్లు దాటుతుంటే సెలైన్ పెట్టాలి, సోడియం, పొటాషియం చూడాలి. అందుకే ఆ లెక్క కాగితం మీద రాయమంటాం.

సాధారణంగా పైపును మూడు నెలల్లోపు మారుస్తారు. వేసిన తేదీ, సైజు, మార్చాల్సిన తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఫోటో ఉంచండి. అర్ధరాత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు మిమ్మల్ని ముందు అడిగేది ఆ మూడే.