హైఫాని కొండ మీంచి కిందికి చూడండి

ఇజ్రాయెల్‌లోని రేవు నగరం హైఫాలో అరబ్బులూ యూదులూ కలిసే ఉంటారని అందరూ అంటారు. ఆ కలిసి ఉండటం ఎలాంటిదో తెలియాలంటే ముందు కార్మెల్ కొండెక్కి, అక్కణ్ణుంచి కార్మెలిట్‌లో, అంటే కొండ లోపల నడిచే చిన్న రైల్లో, కిందికి దిగండి.

మొదట వాది సలీబ్ అనే పాత అరబ్బుల పేట. 1948 ఏప్రిల్‌లో యూదులకీ అరబ్బులకీ జరిగిన యుద్ధంలో హైఫా అరబ్బులు 60 వేల పైచిలుకు మందిలో కొన్ని వేలే ఊళ్ళో మిగిలారు, మిగతావాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి మొరాకో నుంచి వచ్చిన పేద యూదులు చేరారు, చివరికి 1959లో వివక్ష భరించలేక వాళ్ళూ తిరగబడ్డారు. ఇక్కడ తొందరపడకండి, ఒక్కో గోడనీ ఆగి చూడండి.

తర్వాత వాది నిస్నాస్ అనే పేట, మిగిలిన అరబ్బుల్ని ఎక్కువగా చేర్చింది ఇక్కడికే. శనివారం వెళ్ళండి, అది యూదుల సెలవు రోజు, వాళ్ళ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి ఫలాఫెల్ (శనగ వడలు) కోసం వాళ్ళూ ఇక్కడికే వస్తారు. డిసెంబరులో అయితే క్రిస్మస్, హనుక్కా (యూదుల దీపాల పండగ) కలిపి చేసే పండగ చూడొచ్చు, జనం మాత్రం విపరీతం.

ఎవరితోనైనా మాట కలిస్తే 'మీరు ఎటువైపు' అని అడక్కండి, టెన్షన్ తప్ప ఏమీ రాదు. 'మీ తాతగారు ఏ వీధిలో ఉండేవారండీ' అని అడిగి, ఊరుకుని వినండి.