ఐరన్ మెయిడెన్ హిట్స్ ఆల్బమ్ ఎలా వినాలి? కొత్తగా మెటల్ మొదలుపెట్టే మన అనంతపురం వాళ్లకు

మెటల్ (హోరెత్తే గిటార్ల రాక్ సంగీతం) వినాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఐరన్ మెయిడెన్ 2008లో తెచ్చిన 'సమ్‌వేర్ బ్యాక్ ఇన్ టైమ్' గురించే. 1980 నుంచి 1989 దాకా వాళ్లు చేసిన పాటల్లోంచి ఏరి కూర్చిన ఆల్బమ్ ఇది. ఈ బ్యాండ్ మనకు మరీ దూరపుదేం కాదు, 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించిపోయారు, ఆ మరుసటి ఏడాది ఇదే పేరుతో ప్రపంచ టూర్ మొదలుపెట్టిందీ ముంబైలోనే.

ముందు ఫోన్ సంగతి చూసుకోండి. షఫుల్ తీసేయండి, బేస్ బూస్ట్ కూడా ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే గిటార్లూ డ్రమ్సూ కలిసి ముద్దయిపోతాయి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. 1975లో లండన్‌లో ఈ బ్యాండ్ పెట్టిన స్టీవ్ హ్యారిస్ బేస్ గిటారిస్టు, చాలా పాటలు రాసిందీ ఆయనే, ఆ బేస్ వినపడకపోతే సగం పాట పోయినట్టే. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. బెంగళూరు బస్సులో కూర్చుని మొదటిసారి వినకండి, ఇంజిన్ మోత బేస్‌ని మింగేస్తుంది, మీరేమో వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు, చెవులు దెబ్బతింటాయి. రాత్రి అన్నం తిన్నాక మిద్దెక్కి, ఓ మోస్తరు వాల్యూమ్‌లో వినండి.

మొత్తం పదిహేను ట్రాకులు, గంటకు పైనే ఉంటుంది. ఒకే రోజు అంతా వినాలనేం లేదు. నన్నడిగితే మొదటి రోజు 'ది ట్రూపర్' ఒక్కటే పెట్టుకోండి, నాలుగు నిమిషాల పాట. ఒకసారి ఊరికే వినేసి, రెండోసారి గొంతునీ గిటార్లనీ వదిలేసి కింద నడిచే బేస్ ఒక్కదాన్నే పట్టుకోండి. డం డక డం డక అంటూ గుర్రం దౌడు తీస్తుంటుంది. హ్యారిస్ ప్లెక్ట్రమ్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడడు, దాన్నంతా వేళ్లతోనే వాయిస్తాడు. గుర్రం ఎందుకంటే, పాటలో కథ 1854లో క్రిమియా యుద్ధం నాటిది, బాలాక్లావా దగ్గర రష్యన్ల ఫిరంగులకు ఎదురు దూకిన బ్రిటిష్ అశ్వికదళంలో ఒక సైనికుడు చెప్పుకుంటున్నట్టు రాశారు. మూడోసారి ఆ కథ మనసులో పెట్టుకుని వినండి. మన జిల్లా ఉరుముల వాళ్ల దెబ్బ విని పెరిగిన చెవికి ఈ జోరు కొత్తగా ఏమీ ఉండదు.

రెండో రోజు 'హాలోడ్ బి దై నేమ్'. పొద్దున ఉరి తీయబోయే ఖైదీ ఆఖరి గడియలు, ఏడు నిమిషాలు. గంట మోగుతూ నెమ్మదిగా మొదలవుతుంది, బోర్ కొడుతోందని ముందుకు జరపొద్దు, ఆ నెమ్మది లేకపోతే తర్వాత వచ్చే వేగానికి బలమే ఉండదు. దీనికి మాత్రం లిరిక్స్ ఎదురుగా పెట్టుకోవాలి. ఇంగ్లీష్ అంతా అర్థం కాకపోయినా పర్లేదు, వాడు భయపడుతున్నాడా, భయం లేదని తనకు తాను చెప్పుకుంటున్నాడా అనేది గొంతులోనే తెలిసిపోతుంది.

ఇంట్లో వాళ్లు కవర్ మీద ఎడ్డీ (ఈ బ్యాండ్ గుర్తుగా ఉండే దెయ్యం లాంటి ఆకారం) బొమ్మ చూసి, 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'లో సైతాను అంకెగా చెప్పే 666 విని ఇదేం పూజరా అంటే టెన్షన్ పడకండి. ఒక హారర్ సినిమా చూశాక హ్యారిస్‌కి వచ్చిన పీడకల లోంచి పుట్టిన పాట అది, అదే చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఆల్బమ్‌లో వినిపించేదంతా బ్రూస్ డికిన్సన్ గొంతే, కానీ ఆయన ఈ బ్యాండ్‌తో చేసిన మొదటి ఆల్బమ్ వచ్చింది 1982లో. అంతకుముందు 1980, 1981 ఆల్బమ్‌లు పాడింది పాల్ డియానో. అప్పటి పాటలు మూడు ఇందులో ఉన్నాయి, అయితే స్టూడియోవి కావు, 1985 లైవ్ ఆల్బమ్‌లో డికిన్సన్ పాడినవి. పాతకాలం పాటలన్నీ వినేశాం అనుకుని ఇక్కడ చాలామంది ఆగిపోతారు, నాకు బాధ అనిపించేది అదే. 'రాత్‌చైల్డ్' ఇందులోది విని, వెంటనే 1981 నాటి 'కిల్లర్స్' ఆల్బమ్‌లోది పెట్టండి. డికిన్సన్ గొంతు పైకెక్కి పరుచుకుంటుంది, డియానోది గరుకుగా, వీధిలో తగువుకొచ్చినట్టు ఉంటుంది. ఆ పాట డియానోదే, నా మాట ఇది.

తర్వాత సొంత ప్లేలిస్ట్ కట్టుకోండి. ఆల్బమ్‌లో వరస సంవత్సరాల ప్రకారం లేదు, మీరు సర్దుకోవాలి: డియానో ఒరిజినల్స్ ముందు, ఆపై 1982, 83, 84, 86, 88. ఇలా వింటే 83లో డ్రమ్స్ దగ్గర మనిషి మారడం, క్లైవ్ బర్ తప్పుకుని నికో మెక్‌బ్రెయిన్ రావడం, చేతివాటంలోనే తెలుస్తుంది. 86 ఆల్బమ్‌కొచ్చేసరికి వాళ్లు గిటార్లకు సింథసైజర్ తోడు తెచ్చుకున్నారు. 'వేస్టెడ్ ఇయర్స్' ఆ ఏటిదే.

ఇందులో లేని పాట ఒకటి తప్పకుండా కలపండి, 1984 'పవర్‌స్లేవ్' చివర్లో ఉన్న పదమూడు నిమిషాల పైచిలుకు నావికుడి కథ, 'రైమ్ ఆఫ్ ది ఏన్షెంట్ మారినర్'. అంత పొడుగుది హిట్స్ ఆల్బమ్‌లో పట్టదు మరి.

1990 నుంచి 2010 దాకా పాటలకు 2011లో వచ్చిన 'ఫ్రమ్ ఫియర్ టు ఎటర్నిటీ' ఉంది, రెండు సీడీలు. అక్కడా ఇదే పద్ధతి, మధ్యలో డికిన్సన్ బదులు పాడిన బ్లేజ్ బేలీ కాలం పాటలు డికిన్సన్ లైవ్‌లోనే పెట్టారు. బేలీ గొంతు కావాలంటే 1995 నాటి 'ది ఎక్స్ ఫ్యాక్టర్' తీసుకోండి.