ఉప్పునీటి చేపల్ని పెద్ద ట్యాంకులోకి మార్చాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

చేపలు నీటి పైభాగానికి చేరి ఎగశ్వాస తీస్తున్నాయి

మార్చిన రాత్రో, మర్నాడో ఇలా కనిపిస్తే ముందు అమ్మోనియాని (చేపల వ్యర్థాలు, కుళ్లిన పదార్థాల నుంచి పుట్టే విషం) అనుమానించండి. అమ్మోనియాని విరగ్గొట్టే బ్యాక్టీరియా నీళ్లలో దాదాపు ఉండదు. లైవ్ రాక్‌కీ (బ్యాక్టీరియా, చిన్న జీవులు నివసించే రాయి), ఇసుకకీ, ఫిల్టర్ మెటీరియల్‌కీ అంటుకుని ఉంటుంది. అందుకే పాత నీళ్లన్నీ మోసుకొచ్చి పోసినా పెద్దగా లాభం లేదు. రాళ్లని మాత్రం తడి ఆరనివ్వకూడదు. గాలికి ఆరితే వాటి మీదున్న స్పాంజ్‌లు, పురుగులు చచ్చి కుళ్లుతాయి.

అసలు దోషి ఎక్కువసార్లు పాత ఇసుకే. పైకి తెల్లగా కనిపించినా అడుగున ఎన్నాళ్ల మడ్డో పేరుకుని ఉంటుంది. దాన్ని కదిపి అలాగే కొత్త ట్యాంకులో పోస్తే ఆ మడ్డంతా ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. నల్లటి పొర కనిపించి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ ఇసుకని మొహమాటం లేకుండా పారేయండి. పైపొర నుంచి రెండు మూడు కప్పులు తీసి, కడిగిన కొత్త ఇసుక మీద చల్లితే బ్యాక్టీరియాకి అంతే చాలు.

వెంటనే చేయాల్సింది: పంపు మూతిని నీటి పైభాగం వైపు తిప్పి అలలు వచ్చేలా పెట్టండి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేయండి. అమ్మోనియా 0.25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.25 వంతు) దాటితే, ఉప్పు శాతం, వేడి సరిచూసిన నీళ్లతో 25 నుంచి 50 శాతం మార్చండి. ఒకరోజు మేత ఆపండి. ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.3 దాకా ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది కాబట్టి మంచినీటి ట్యాంకులో తట్టుకునే మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది. అమ్మోనియాని బంధించే మందు వేశాక కొన్ని టెస్ట్ కిట్లు ఇంకా అమ్మోనియా ఉన్నట్టే చూపిస్తాయి, స్కిమ్మర్ (నురగతో మలినాల్ని బయటికి తీసే పరికరం) కూడా నురగ కక్కుతుంది. కంగారుపడి రెండో డోసు వేయకండి.

రొయ్యలు పక్కకి ఒరిగిపోతున్నాయి, నత్తలు ముడుచుకుని కదలడం లేదు

చేపలు బాగానే ఉండి ఇవి మాత్రమే డీలా పడితే కారణం దాదాపుగా ఉప్పు తేడాయే. పాత ట్యాంకు సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ, ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.023 దగ్గర ఉండి, కొత్తగా కలిపిన నీళ్లు 1.026 ఉంటే వెన్నెముక లేని జీవులు ఆ మార్పుని ఓర్చుకోలేవు. రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పు కొలిచే పరికరం) 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 వంతులు ఉప్పున్న) ద్రావణంతో సరిచూసి రెండు ట్యాంకులూ కొలవండి. ఆర్‌వో నీళ్లతో సున్నాకి పెడితే అసలు కొలవాల్సిన చోట తప్పు చూపించే అవకాశం ఉంది.

దీనికి తేలిక దారి ఒకటుంది. కొత్త ట్యాంకు నీళ్లని పాత ట్యాంకు రీడింగ్‌కే కలపండి. ఉప్పు కలిపి, పంపు, హీటరు పెట్టి, 25-26 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు తిరగనివ్వండి. జీవులు కుదురుకున్నాక రోజుకి 0.001 చొప్పున పెంచుకోవచ్చు. అలా కుదరకపోతే జీవుల్ని పాత నీళ్లతో ఒక డబ్బాలో ఉంచి, కొత్త ట్యాంకు నుంచి వచ్చే సన్నటి ట్యూబుకి ముడి వేసి, అందులోకి సెకనుకి రెండు నుంచి నాలుగు చుక్కలు పడేలా డ్రిప్ పెట్టండి. నీళ్లు రెట్టింపయ్యాక సగం పారబోసి మళ్లీ నింపండి. రొయ్యలకి గంటకి తక్కువ కాకూడదు. ఆ డబ్బాలో నీళ్లు చల్లబడకుండా చూడండి.

రెక్కలు చిరిగాయి, ఒంటి మీద గీతలు పడ్డాయి

రాళ్లుండగానే వలతో తరిమి పట్టిన ఫలితం ఇది. ముందు పగడాలు, తర్వాత రాళ్లు తీసి, నీళ్లు 10-15 సెంటీమీటర్లకి దించితే చేపలు సులువుగా దొరుకుతాయి. వలకంటే ప్లాస్టిక్ డబ్బా మేలు. ఏంజెల్ చేప బుగ్గ దగ్గరున్న ముల్లు వలలో చిక్కుకుంటే లాగకండి, వలనే కత్తిరించండి.

పగడాలు తెల్లబడుతున్నాయి

పైనుంచి మొత్తంగా పాలిపోతే లైటు ఎక్కువైనట్టు. పెద్ద ట్యాంకు లైటు సాధారణంగా బలంగా ఉంటుంది. 50 శాతంతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి, పగడాల్ని మొదట అడుగునే ఉంచండి. కొమ్మల కొసలు మాత్రమే కాలినట్టు తెల్లబడితే ఆల్కలినిటీ (నీటి క్షారత, డీకేహెచ్‌లో కొలుస్తారు) చూడండి. పాత ట్యాంకులో 8 డీకేహెచ్ ఉండి, కొత్త ఉప్పు 11 ఇస్తుంటే కొసలు ఇలాగే మాడతాయి.

ఒక చేప మిగతావాటిని మూలకి తరుముతోంది

రాళ్ల అమరిక మార్చండి, పాత హద్దులు చెదిరిపోతాయి. దూకుడు చేపని చివర్లో వదలండి. మొదటి రెండు రాత్రులు లైట్లు తగ్గించి, ట్యాంకు మీద సన్నటి జాలి కప్పండి. బెదిరిన చేప ఏ చిన్న సందులోంచైనా బయటికి దూకేస్తుంది.

ఎనిమోన్ ఊడి తిరుగుతోంది

ఎనిమోన్ (పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర జీవి) నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తూనే ఉంటుంది. పంపు నోళ్లకి స్పాంజ్ కట్టండి. పంపులో పడి తునకలైతే ట్యాంకు నీళ్లన్నీ పాడవుతాయి. రాయికి అతుక్కున్నదాన్ని పీకకుండా రాయితో సహా మార్చడమే ఉత్తమం, పాదం చిరిగితే బతకడం కష్టం.