ఇంటి బయటి గోడల శుభ్రత: అద్దాలు తుడిచేవారికి ధరలోనూ పనిలోనూ వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కిటికీ అద్దాలు శుభ్రం చేసే వృత్తిలో ఉన్నవారిని ఎప్పుడో ఒకప్పుడు ఇంటివారు గోడలు, చూరు కింది భాగం, వర్షపు నీటి గొట్టాలు కూడా కడిగిపెట్టమని అడుగుతారు. నిచ్చెన, నీళ్ల పైపు, ఎత్తులో పనిచేసే అలవాటు ముందే ఉన్నాయి కాబట్టి ఒప్పుకోవడం సహజం. అయితే అద్దం ఏ ఇంటిదైనా అద్దమే, గోడ విషయం అలా కాదు. సిమెంటు పూత, ఇటుక, రంగు వేసిన రేకు, వినైల్ పలక, చెక్క, వీటిలో ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా కడగాలి, పట్టే సమయమూ వేరు. ఈ పనిలో ధర తప్పినా, గోడ పాడైనా, తరచి చూస్తే రెండింటికీ మూలం ఒకటే. గోడను దగ్గర నుంచి చూసి, ఒక మూల కొంచెం కడిగి చూడకముందే మాట ఇచ్చేయడమే ఆ మూలం. కింది సమస్యల్లో చాలావాటి వెనుక అదే కనిపిస్తుంది.

సమస్య: పని బాగానే జరిగింది, లెక్క చూస్తే ఏమీ మిగల్లేదు

మొదటి కారణం అద్దాల లెక్కను గోడలకు వాడడం. కిటికీకి ఇంత అని చెప్పే పద్ధతి అద్దాల వరకు బాగానే నడుస్తుంది, ఎందుకంటే ఒక కిటికీకీ మరో కిటికీకీ పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. గోడల్లో మాత్రం, విస్తీర్ణం ఒకటే అయినా, ఎండ తగిలే వైపు గోడ త్వరగా తెమిలిపోతుంది, చెట్ల నీడలో ఏళ్ల తరబడి నాచు పట్టిన గోడ దానికి రెండు మూడు రెట్లు సమయం తినేస్తుంది. అందువల్ల ధరను విస్తీర్ణంతో మొదలుపెట్టినా, ఎత్తు ఎంత, గోడ దాకా చేరే దారి ఉందా, పట్టిన మురికి ఏ రకం, నీటి వసతి ఎలా ఉంది అన్నవి చూశాకే ఖాయం చేయాలి.

రెండోది లెక్కలోకి రాని గంటలు. ప్రయాణం, సామాను దించడం, పైపులు పరచడం, మొక్కలు తడపడం, తలుపులు కిటికీలు మూసి ఉన్నాయో లేదో చుట్టూ తిరిగి చూసుకోవడం, చివర్లో అన్నీ చుట్టి బండిలో సర్దుకోవడం కూడా పనే. ఇల్లు చిన్నదైనంత మాత్రాన ఇవేమీ పెద్దగా తగ్గవు. కాబట్టి ఒక కనీస ధర పెట్టుకుని, ఎంత చిన్న పనైనా దానికి దిగకుండా ఉండాలి. గోడల నాచును చంపే రసాయన మందు, ఇంధనం, పైపుల అరుగుదల, బీమా, వాన వల్ల పని ఆగిన రోజులు, ఇవన్నీ గంట ఖర్చులో కలిసి ఉండాలి.

మూడోది శాతాల దగ్గర వచ్చే తేడా. మొత్తం ఖర్చు 100 అనుకుంటే, దానికి 30 శాతం కలిపి 130 తీసుకుని, తమకు 30 శాతం మిగిలిందని చాలామంది భావిస్తారు. నిజానికి చేతికి వచ్చిన 130లో మిగిలిన 30 సుమారు 23 శాతమే. వసూలైన మొత్తంలో 30 శాతం మిగలాలంటే ఖర్చును 0.7తో భాగించాలి, అప్పుడు ధర సుమారు 143 అవుతుంది. ఒక పనిలో ఇది చిన్న తేడాయే, కానీ ప్రతి పనిలోనూ జారిపోతుంటే పంపు మార్చవలసిన రోజున చేతిలో డబ్బు ఉండదు.

ఈ మూడింటికీ నేను నమ్మే పరిష్కారం ఒక నోటు పుస్తకం. గోడ రకం, విస్తీర్ణం, మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం, వాడిన మందు, ఈ అయిదూ ప్రతి పనికీ రాసిపెట్టుకుంటే కొంతకాలానికి గంటకు ఎంత గోడ కడగగలరో మీ సొంత లెక్క మీకే తెలుస్తుంది. పక్కవారి ధర చూసి తమ ధర కట్టడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఎందుకంటే వారి ఖర్చులేమిటో మనకు కనిపించవు.

సమస్య: ధర వినగానే తగ్గించమంటున్నారు

ఒకే అంకె చెప్పినప్పుడు, దానిలో ఏమేమి ఉన్నాయో ఇంటివారికి తెలియదు. గోడలు, చూరు, నీటి గొట్టాల బయటి వైపు, అద్దాలు, నడక దారి, ఇలా విడివిడిగా ధర రాసి ఇవ్వాలి. తగ్గించమంటే పనిలోంచి ఒక భాగం తీసేయవచ్చు గానీ, అదే పనికి రేటు కోయకూడదు. అయితే తీసేయకూడనిది ఒకటి ఉంది. గోడ కడిగిన మురికి నీళ్లు అద్దాల మీదకు కారక తప్పదు కాబట్టి అద్దాలను చివర్లో శుభ్రమైన నీటితో కడగడం గోడ పనిలో భాగమే.

సమస్య: మందు చల్లినా నాచు, నల్ల బూజు వదలడం లేదు

ఇక్కడ చాలామంది వెంటనే యంత్రం చిమ్మే నీటి ప్రెషర్ పెంచుతారు. అది తప్పు దారి. నాచు, బూజు జీవమున్నవి, వాటిని చంపే పని మందుది, కొట్టుకుపోయేలా చేయడం మాత్రమే నీటి పని. మందు పనిచేయలేదంటే దాని కారణం వెతకాలి.

ఎక్కువసార్లు దొరికే కారణం పాతబడిన మందు. ఈ పనికి వాడే సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) వేడికీ వెలుతురుకూ రోజురోజుకూ బలం కోల్పోతుంది. డబ్బా మీద 12 శాతం అని ఉన్నా, ఎండలో నిలిపిన బండిలో వారాల తరబడి ఉన్నది 12 శాతం కాదు. నీడలో, చల్లని చోట, కొద్ది కొద్దిగా తెచ్చి వాడుకోవాలి. రెండో కారణం కలిపే పాళ్లు. మామూలు గోడకు అర శాతం నుంచి ఒక శాతం దాకా బలం చాలు. 12 శాతం మందును ఒక శాతానికి తేవాలంటే ఒక వంతు మందుకు 11 వంతుల నీళ్లు కలపాలి. గోడకు అంటుకుని నిలిచేందుకు హైపోక్లోరైట్‌తో కలపదగిన సబ్బు కొద్దిగా చేర్చాలి. మూడో కారణం ఎండ. వేడి గోడ మీద మందు నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరిన మందు పనిచేయకపోగా మరక పెడుతుంది. నీడ ఉన్న వైపు ఎంచుకుని, కింది నుంచి పైకి చల్లి, 5 నుంచి 10 నిమిషాలు తడిగా ఉంచి, పై నుంచి కిందికి కడగాలి. అప్పటికీ మిగిలితే రెండోసారి చల్లడమే మేలు.

మందును యంత్రం ద్వారా లాగేవారు ఇంకొకటి చూసుకోవాలి. పంపు తర్వాత అమర్చే ఇంజెక్టర్ (మందును నీటి ధారలోకి లాగి కలిపే భాగం), వెడల్పు రంధ్రం ఉన్న తక్కువ ప్రెషర్ నాజిల్ (నీరు చిమ్మే మొన) పెట్టినప్పుడే మందును లాగుతుంది. సన్న నాజిల్ మార్చకుండా వదిలేసినా, మందు గొట్టం చివర జల్లెడ మూసుకుపోయినా గోడ మీద పడేది వట్టి నీళ్లే.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. హైపోక్లోరైట్‌ను ఏ ఆమ్లంతో కలిపినా విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్న అద్దాల ద్రావణంతో కలిసినా ఊపిరితిత్తులకు హాని చేసే ఆవిర్లు పుడతాయి. అద్దాల పనివారి బండిలో ఈ మూడూ ఉండే అవకాశం ఎక్కువ. వాటికి వేరు వేరు డబ్బాలు, వేరు వేరు స్ప్రేయర్లు, వేరు వేరు రంగుల గుర్తులు ఉండాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా మందు మూత తీయకూడదు.

సమస్య: గోడ ఆరాక చారలు కనిపిస్తున్నాయి

చారలు రెండు రకాలు. నాజిల్ కదిలిన దారినే అనుసరించి వంపులు వంపులుగా ఉంటే అది దగ్గర నుంచి ఎక్కువ ప్రెషర్‌తో కొట్టిన గుర్తు. నాజిల్ రంగు అది నీటిని విరజిమ్మే కోణాన్ని చెబుతుంది: ఎరుపు 0 డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40. గోడలకు తెలుపుతో, దూరం నుంచి మొదలుపెట్టాలి. ఎరుపు నాజిల్‌కు ఇంటి గోడ దగ్గర పనే లేదు. చెక్క మీద, పూత మీద పడిన కోతను కడిగి సరిచేయలేము, సానబెట్టి రంగు వేయించాల్సిందే.

రెండో రకం చారలు రంగు వేసిన రేకుల మీద, పాత వినైల్ మీద వస్తాయి. వీటిని కడగకముందే పట్టుకోవచ్చు. పొడి గోడ మీద చూపుడు వేలితో అంగుళం మేర గట్టిగా రుద్ది వేలిని వెలుతురులో చూడండి. గోడ రంగులోనే మెత్తని పొడి అంటితే, ఎండకు పై పొర సుద్దలా మారిపోయిందని అర్థం. అలాంటి గోడ మీద నీరు తగిలిన చోట పొడి కొంత పోయి, తగలని చోట మిగిలి, ఆరాక మచ్చలుగా తేలుతుంది. పరిష్కారం తక్కువ ప్రెషర్, బ్రష్ వాడకపోవడం, మందును ఆరనివ్వకపోవడం. ఆ పొడిని పూర్తిగా తీయడం వేరే పని, దానికి వేరే ధర. ఈ సంగతి ఇంటివారి వేలితోనే రుద్ది చూపించి, కాగితం మీద రాసి ఇచ్చాక మొదలుపెట్టడం న్యాయం. రంగు పొట్టులుగా లేచిన పాత ఇళ్లయితే అందులో సీసం ఉండవచ్చు, కాబట్టి ప్రెషర్‌తో కొట్టకూడదు.

సమస్య: అద్దాలు ఆరాక చుక్కలు, కారిన గీతలు

మన అసలు వృత్తి ఇదే కాబట్టి ఇక్కడ మాట పడితే ఎక్కువ నొప్పి. ముందు చుక్కల తీరు చూడాలి. అద్దమంతటా సమానంగా తెల్లని చుక్కలుంటే నీటిలోని ఖనిజాలే కారణం. శుద్ధ నీటి పోల్ (ఖనిజాలు తీసేసిన నీటిని పైకి పంపే పొడవాటి బ్రష్ కర్ర) వాడేవారు, నీటిలో కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడాలి. సున్నా రావడం మంచిది, 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) దాటితే చుక్కలు కనిపించడం మొదలవుతుంది, అంటే నీటిలోని ఖనిజాలను పట్టేసే రెజిన్ మార్చే సమయం వచ్చిందన్నమాట.

మీటర్ సున్నా చూపిస్తున్నా పై అంచు నుంచి నిలువుగా గీతలు దిగితే, నీరు మంచిదే, చట్రంలో దాగిన మురికి కారుతోంది. పై రబ్బరు అంచు వెనుక, గాలి వచ్చే సందుల్లో ఏళ్ల మట్టి ఉంటుంది. అద్దం కడిగి పక్కకు వెళ్లాక, పది నిమిషాలకు ఒక్కో బొట్టు నెమ్మదిగా దిగి గీత గీస్తుంది. మొదట అన్ని చట్రాల పై భాగాలనూ కడిగి, కారేది కారనిచ్చి, అద్దాలను రెండో విడతలో చేయాలి. మొదటిసారి శుభ్రతకు ఎక్కువ ధర అడగడానికి ఇదే సరైన కారణం. తర్వాతి సార్లు ఇంత శ్రమ ఉండదు కనుక ధరా తగ్గించవచ్చు.

ముందు నుంచే ఉన్న గట్టి మచ్చలు వేరు. హైపోక్లోరైట్ పూర్తిగా కడిగేశాక, ఒక మూల వెనిగర్ లాంటి పలచని ఆమ్లంతో రుద్దితే సున్నపు మచ్చ కరుగుతుంది. అయినా కదలకపోతే ఆ ఖనిజాలు అద్దం పైపొరనే తినేసి ఉండవచ్చు, దానిని పోగొడతానని మాట ఇవ్వకూడదు.

సమస్య: ఎర్రని మరకలు, తెల్లని పొడి

ఎర్రనివి తుప్పు మరకలు. వాటికి హైపోక్లోరైట్ పనిచేయదు, ఆక్సాలిక్ ఆమ్లం వాడాలి. ఇటుక మీద తెల్లని పొడి గోడలోని తేమ బయటికి తెచ్చిన ఉప్పు. దానిని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లు కొడితే ఉప్పు లోపలికి ఇంకి మళ్లీ వస్తుంది. తేమ ఎక్కడి నుంచి వస్తోందో వెతికి సరిచేయనిదే అది ఆగదు.

సమస్య: మొక్కలు మాడిపోయాయి

ముందు బాగా తడపాలి, మధ్యలో తడపాలి, అయ్యాక ఇంకా బాగా తడపాలి. చాలామంది మరిచేది వర్షపు నీటి గొట్టం కింది చివర. పైన చల్లిన మందంతా అక్కడ చేరుతుంది, ఆ మొక్కే ముందు పోతుంది. గొట్టం చివరను పనయ్యేదాకా దారి మళ్లించాలి.

సమస్య: గోడ కడిగితే ఇంట్లోకి నీళ్లు వచ్చాయి

గోడ పలకలు, కిటికీ చట్రాలు పై నుంచి పడే వానకు తగ్గట్టు చేసినవి. కింది నుంచి పైకి ప్రెషర్‌తో కొట్టిన నీరు ఆ మడతల కిందకు దూరుతుంది. నాజిల్ ఎప్పుడూ కిందికి వాలి ఉండాలి. గాలి రంధ్రాలను, బయటి ప్లగ్గులను, దీపాలను కప్పాలి. రెండు పొరల అద్దాల మధ్య ముందే పొగమంచు ఉంటే సీలు పోయిందని అర్థం, దానిని ఫోటో తీసుకుని ఇంటివారికి చూపించాలి.

సమస్య: యంత్రం ఆగి ఆగి కొడుతోంది

కుళాయి ఇచ్చే నీరు పంపుకు చాలడం లేదు. పంపు నిమిషానికి 15 లీటర్లు లాగేదైతే, 15 లీటర్ల బకెట్ నిమిషం లోపే నిండాలి. ధర చెప్పడానికి వెళ్లిన రోజే ఈ పరీక్ష చేయాలి. చాలకపోతే మధ్యలో ట్యాంకు పెట్టుకోవాలి, ఆ బరువూ సమయమూ ధరలో ఉండాలి.

సమస్య: పై అంతస్తు అందడం లేదు

నిచ్చెన మీద నిలబడి ప్రెషర్ గన్ వాడకూడదు, ట్రిగ్గర్ నొక్కినప్పటి తోపుకే మనిషి వెనక్కి పోతాడు. పొడవాటి పోల్‌తో నేల మీద నుంచే మందు చల్లి, తక్కువ ప్రెషర్‌తో కడగాలి. నిచ్చెన తప్పనప్పుడు, ప్రతి 4 అడుగుల ఎత్తుకు 1 అడుగు చొప్పున అడుగు భాగం గోడకు దూరంగా ఉండాలి. కార్బన్ ఫైబర్ పోల్‌లో కరెంటు పారుతుంది. తీగలు దగ్గరగా ఉన్న వైపు పనిని ఒప్పుకోకపోవడమే మంచిది, ఎంత ధర ఇచ్చినా సరే.

సమస్య: ముందే ఉన్న గీత మీరే చేశారంటున్నారు

పని మొదలుపెట్టే ముందు ఇంటి నాలుగు వైపులా ఫోటోలు తీసి, పగుళ్లు, లేచిన రంగు, గీతలు పడిన అద్దాలు దగ్గర నుంచి తీసి, వాటి వివరం కొటేషన్‌లోనే రాసి సంతకం తీసుకోవాలి. కొత్తగా కట్టిన ఇంటి అద్దాల విషయంలో ఇది మరీ ముఖ్యం. గట్టిపరచిన అద్దం తయారీలోనే దాని మీద కంటికి కనిపించనంత సన్నని గాజు రేణువులు అతుక్కుపోయి ఉండవచ్చు. సిమెంటు చుక్కలు తీయడానికి బ్లేడు పెడితే ఆ రేణువులు ఊడి, బ్లేడు కింద ఈడ్చుకుపోయి పొడవాటి గీతలు గీస్తాయి. తడిపిన అద్దం మీద బ్లేడును ఒక్క అంగుళం మెల్లగా తోసి చూడండి. ఇసుక గరగరలాడినట్టు చేతికి తగిలితే అక్కడే ఆపి, ఇంటివారిని పిలిచి ఆ చప్పుడు వినిపించి, గీతల బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తేలాకే రెండో అంగుళానికి వెళ్లాలి.