టీబీ మందులు మొదలుపెట్టే ముందు కాలేయం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

క్షయ అని తేలి, మందులు రేపో మాపో మొదలవుతాయనగా అన్నిటికంటే ముందు చేయించుకోవలసింది కాలేయ పరీక్ష. తొలి మాత్ర మింగకముందు రక్తంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ (కాలేయ కణాల్లో ఉండే ఎంజైములు), బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) ఎంతెంత ఉన్నాయో కాగితం మీద ఉండాలి. మూడు వారాల తరువాత ఎస్‌జీపీటీ 90 వచ్చిందనుకోండి. మొదట్లో 25 ఉన్నవారికి అది మందు వల్ల వచ్చిన మార్పు కావచ్చు. తాగుడు వల్లనో, హెపటైటిస్-బి వల్లనో, కాలేయంలో చేరిన కొవ్వు వల్లనో ముందే 80 ఉన్నవారికి ఆ 90లో కొత్త సంగతి పెద్దగా లేదు. పాత కాగితం చేతిలో లేకపోతే ఈ తేడాను వైద్యుడు కూడా ఊహించవలసిందే.

ఒకే బరువున్న ఇద్దరు ఒకే మోతాదు వేసుకున్నా రిపోర్టులు వేరుగా రావడానికి పుట్టుకతో వచ్చే కారణం ఒకటుంది. టీబీ మాత్రలోని ఐసోనియాజిడ్‌ను కాలేయంలో ఎన్‌ఏటీ2 అనే ఎంజైము మార్చివేసి, ఒంట్లోంచి బయటికి పోయేలా చేస్తుంది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ మందకొడి రకానివే అయితే మందు రక్తంలో ఎక్కువసేపు నిలిచి, హైడ్రజీన్ వంటి హానికర పదార్థాలు ఎక్కువగా తయారై, కాలేయ కణాలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. దెబ్బతిన్న కణంలోంచి రక్తంలోకి కారే ఎస్‌జీపీటీనే మనం రిపోర్టులో పెరిగిన అంకెగా చూస్తాం. జపాను ప్రజల్లో ఇలాంటివారు పదిమందిలో ఒకరుంటే, మన దేశంలో సగానికి పైగా ఉన్నారు. 1956లో మద్రాసులో ఏర్పడిన టీబీ కీమోథెరపీ కేంద్రం తన తొలి సంవత్సరాల్లోనే దక్షిణ భారత రోగుల్లో ఈ తేడాను కొలిచింది. ఇంతమందికి ఉన్నదాన్ని జబ్బు అనుకుని భయపడనక్కరలేదు, వీరిలో అత్యధికులు కాలేయానికి పెద్ద హాని లేకుండానే మందులు పూర్తి చేస్తారు.

ఈ జన్యు పరీక్ష మన ఆసుపత్రుల్లో మామూలుగా చేయరు, కనుక దానికోసం చికిత్స ఆలస్యం చేయవద్దు. జపానులో జన్యువును బట్టి మోతాదు మార్చిన ప్రయోగం ఒకటి 2013లో వెలువడింది, మందకొడి రకం వారికి ఐసోనియాజిడ్ తగ్గించి ఇస్తే కాలేయానికి ముప్పు తగ్గిందని అది చూపింది. ఆ మాట పట్టుకుని ఇంట్లో మాత్రను సగానికి విరవకండి. మొదటి రెండు నెలలు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిసి ఉంటాయి. విరిస్తే నాలుగూ సగమై, క్రిమి మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. పైసా ఖర్చు లేకుండా మీరు చెప్పగలిగినది మీ ఇంటి సంగతి: తోడబుట్టినవారిలో ఎవరికైనా టీబీ మందులతో కామెర్లు వచ్చి ఉంటే ఆ మాట మొదటి రోజే వైద్యుడికి చెప్పండి.

మద్యం, కల్లు చికిత్స సాగే ఆరు నెలలూ పూర్తిగా మానాలి. జ్వరానికి పారాసిటమాల్ కూడా అడిగే వేసుకోవాలి. హెపటైటిస్, హెచ్‌ఐవీ ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు, వయసు మళ్లినవారు, బాగా చిక్కిపోయినవారు రెండు నుంచి నాలుగు వారాలకోసారి పరీక్ష చేయించమని అడగాలి. పైరజినమైడ్ కూడా కలిసి ఉండే మొదటి రెండు నెలలు మరింత కనిపెట్టి ఉండాలి.

మాత్ర వేసుకున్న తొలి రోజుల్లోనే మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. చెమటకు, కన్నీటికి కూడా అంటుతుంది. అయితే ఈ రంగు చాటున కామెర్ల మూత్రం గుర్తుకు రాకుండా పోతుంది. అందుకే ఇంట్లోవారు రోజూ పగటి వెలుతురులో రోగిని కిందికి చూడమని, పైరెప్ప ఎత్తి, తెల్లగుడ్డు పచ్చబడిందేమో చూడాలి. దానికి ముందే అన్నం వాసనకే వికారం పుట్టడం, వాంతులు, కుడి డొక్కలో నొప్పి, లేవలేనంత నీరసం కనిపించవచ్చు. అటువంటప్పుడు తరువాతి మాత్ర వేసుకోకముందే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అంకెల్లో చెప్పాలంటే, ఎస్‌జీపీటీ పై హద్దు 40 అనుకుంటే, పై లక్షణాలతో 120 దాటినా, ఏ లక్షణమూ లేకుండా 200 దాటినా వైద్యులు మందులు ఆపుతారు. అంతకంటే తక్కువ పెరుగుదల చాలామందిలో మందు వాడుతుండగానే దానంతటదే తగ్గుతుంది. బిలిరుబిన్ ఒక్కటే కొద్దిగా పెరిగి, ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే, అందులోని డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అనే రెండు రకాలనూ విడివిడిగా చూపించమని అడగండి. యూజీటీ1ఏ1 అనే మరో జన్యువు తేడా ఉన్నవారికి ఉపవాసం ఉన్నా ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరుగుతుంది, దానివల్ల కాలేయానికి హాని లేదు. ఇది పాత రిపోర్టుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి వాటిని దాచి ఉంచి చూపించాలి.

మందులు ఆపమన్నప్పుడు పసరు మందుకు వెళ్లి, టీబీ చికిత్సను అంతటితో వదిలేసేవారిని చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఎస్‌జీపీటీ హద్దుకు రెండింతల లోపుకు దిగాక వైద్యులు మందులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టి, ఏది పడలేదో పట్టుకుంటారు. ఇథాంబుటాల్ వల్ల కాలేయానికి ముప్పు లేదు కనుక చేతిలో దారులు మిగిలే ఉంటాయి. ఎటు వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ టీబీ సహాయ కేంద్రమైన నిక్షయ్ ఉచిత నంబరు 1800-11-6666కు ఫోన్ చేసి, మొదటి రిపోర్టు, తాజా రిపోర్టు, వాడుతున్న మాత్రల పట్టీ మూడూ పట్టుకుని టీబీ యూనిట్‌కు వెళ్లండి.