అభివృద్ధి సంస్థతో చేయి కలిపే ముందు చూసుకోవాల్సినవి

విశాఖలో బస్తీ సంఘమైనా, మత్స్యకారుల సంఘమైనా, డ్వాక్రా మహిళలైనా అధికారులతో కూర్చునే ముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి.

– ఏ ఆఫీసో ముందే తేల్చుకోండి. పారిశ్రామిక స్థలాలు ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) చూస్తుంది, నగర ప్రణాళిక వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) చూస్తుంది.

– సంఘం తీర్మానం, సంతకాలు ఉండాలి. మత్స్యకారుల బస్తీ పెద జాలారిపేట నుంచి వెళ్తుంటే వేటకెళ్లే మగవాళ్లే సరిపోరు, చేపలమ్మే ఆడవాళ్లూ రావాలి. వాళ్ల బతుకుతెరువు గురించి వాళ్లే మాట్లాడాలి.

– "స్థానికులకు ఉద్యోగాలిస్తాం" అంటే అక్కడితో ఆగకండి. ఎన్ని, ఏ పని, ఎప్పటిలోగా, శిక్షణ ఎవరిస్తారు? అన్నీ తెలుగులో కాగితం మీద తీసుకోండి. మినిట్స్ (మీటింగ్‌లో ఏం మాట్లాడారో రాసిన కాగితం) కాపీ అడగడానికి మొహమాటం వద్దు, అది మీకు ఆధారం.

– వీధి వ్యాపారులైతే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం గుర్తుంచుకోండి. వీధి వ్యాపారాల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు.

– మీటింగ్ బేరాల వేళ పెడితే మార్చమనండి.