నాటుకోడి ముక్క సాగుతోందా? ముందు ఎన్నింటికి కోశారో చెప్పండి

"ఎనిమిది విజిల్స్ వచ్చాయి, అయినా ముక్క నమలలేకపోయాం" అని ఎవరైనా అంటే నేను ముందు ఒకటే అడుగుతాను: కోడిని ఎన్నింటికి కోశారు? జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే. "ఇప్పుడే, పొద్దున్నే, ఫ్రెష్‌గా." ఆ ఫ్రెష్ సంగతికే వస్తాను. అంతకంటే ముందు, తిన్న ముక్క ఎలా ఉందో సరిగ్గా గుర్తు చేసుకోండి. "గట్టిగా ఉంది" అంటే చాలదు, గట్టిదనంలో మూడు రకాలున్నాయి.

ముక్క రబ్బరులా సాగుతూ ఎముకను వదలకపోతే

కోడి ముదురుది, మీరు ఉడికించింది చాలలేదు. కొనేటప్పుడే రొమ్ము ఎముక కింది కొన, అంటే పొట్ట వైపు కొన, వేలితో నొక్కండి. మెత్తగా వంగితే లేతది. రాయిలా ఉంటే ముదురు. పుంజయితే కాలి వెనక ముల్లు చూడండి. చిన్న బొడిపెలా ఉంటే లేత, పొడుగ్గా పెరిగి మొన తేలితే ముదురు. పది సెకన్ల పని ఇది. అయినా బరువు, రంగు, బేరం అన్నీ చూసి దీన్నే వదిలేస్తారు.

ముదురు కోడి కండలో ఉండే బంధన పొరలు కరిగి జిగురుగా మారాలంటే టైము పడుతుంది. విజిల్స్ లెక్క వదిలేయండి, మీ కుక్కర్‌కీ మా కుక్కర్‌కీ విజిల్ ఒకేలా రాదు. మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లో పెట్టి గడియారం చూడండి. ఏడాది దాటిన కోడికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగేదాకా మూత జోలికి వెళ్లకండి. తీసి చూస్తే ఇంకా గట్టిగా ఉందా? మళ్లీ పెట్టండి. ఈ రకం గట్టిదనం టైముకు లొంగుతుంది.

పీచులా విడిపోయి పళ్లలో ఇరుక్కుంటే

ఇది ఉడకకపోవడం కాదు, ఎక్కువ ఉడకడం. రొమ్ము ముక్కలకే వస్తుంది. తొడ మెత్తబడేదాకా రొమ్మును కూడా అదే గిన్నెలో ఉంచితే దాని నీరంతా పోయి చీపురు పుల్లలవుతుంది. రొమ్ము ముక్కలు పక్కన పెట్టుకుని, కుక్కర్ దించాక కూర దగ్గరపడేటప్పుడు వేయండి.

ఫారాల్లో పెంచే కంజు పిట్టలదీ (కౌజు అనే ఊళ్లూ ఉన్నాయి) ఇదే గొడవ. శుభ్రం చేశాక గుప్పెడు ఉండే పిట్టను నాటుకోడిలా కుక్కర్‌లో వేస్తారు. దానికి మూత పెట్టి పావుగంట చాలు. అడవిలో పట్టిన పిట్టల గురించి నన్ను అడక్కండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటి వేట నేరం.

ఎముక వదిలింది, అయినా ముక్క బిగుసుకునే ఉందా?

నన్ను ఏళ్ల తరబడి ఏడిపించింది ఇదే.

ఒక సంక్రాంతికి మా ఇంటికి పెద్దమ్మవాళ్లు వచ్చారు. ఒకే పొదుగు పెట్టలు రెండున్నాయి. కనుమ నాడు పదిన్నరకు ఒకటి కోయించి, పసుపు రాసి కాల్చి, ముక్కలు కొట్టి, పన్నెండింటికి పొయ్యి మీద పెట్టాను. పులుసు అద్భుతం. ముక్క ఎముక నుంచి ఊడొచ్చింది, కానీ నోట్లో తాడు ముడిలా బిగుసుకుంది. పెద్దమ్మ ఇంత ముక్క కంచం అంచుకు నెట్టి, "ఏరా, ముసలిదాన్ని అంటగట్టాడా?" అంది. నేనూ కోడి అమ్మినాయన్నే తిట్టుకున్నాను. రెండో పెట్టను అదే సాయంత్రం కోయించినా వండే ఓపిక లేక ఫ్రిజ్‌లో పడేసి, మర్నాడు మధ్యాహ్నం వండాను. అదే మసాలా, అదే కుక్కర్, అంతే సేపు. వేలితో నొక్కితే విడిపోయింది.

జరిగేదిది. ప్రాణం పోయాక కొద్దిసేపు కండ వదులుగానే ఉంటుంది. తర్వాత అందులోని శక్తి అయిపోయి కండ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని కొయ్యబారిపోతాయి. కొన్ని గంటల తర్వాతే ఆ పట్టు మెల్లగా సడలుతుంది. ఈకలు పీకి, కాల్చి, కడిగి, ముక్కలు కొట్టి, ఉప్పూకారం పట్టించేసరికి మనకు గంట, గంటన్నర పడుతుంది. అంటే సరిగ్గా కొయ్యబారిన సమయానికే పొయ్యి మీద పెడుతున్నాం. ఆ బిగువు మీదే కండ ఉడికి అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎన్ని విజిల్స్ వచ్చినా ఎముక దగ్గర పొరలు కరుగుతాయే గానీ కండ బిగువు పూర్తిగా పోదు.

చావుకు ముందు కోడి బాగా పెనుగులాడితే ఈ బిగువు ఇంకా త్వరగా వస్తుంది. పందెంలో ఓడిన పుంజును బరి దగ్గర నుంచి నేరుగా పొయ్యి మీదకు తెస్తే ఏమవుతుందో ఊహించుకోండి. అసలే ముదురు, పైగా అలిసిపోయి చచ్చింది.

మరి బ్రాయిలర్‌ను కోసిన గంటకే వండితే ఏమీ కావట్లేదుగా అంటారు. అది ఆరు వారాల పిల్ల. గట్టిపడినా మన పళ్లకు తెలియదంతే.

కనిపెట్టడం తేలిక. కోడి ఇంకా ముక్కలు కాకముందే కాలు పట్టుకుని కీలు దగ్గర మడవండి. కర్రలా ఎదురు తిరిగితే ఆగండి. కోసి కొన్ని గంటలయ్యాక వదులుగా ఊగితే వండుకోండి, కోసిన వెంటనే ఉండే వదులు లెక్కలోకి రాదు.

రేపు మధ్యాహ్నం వండాలంటే ఈ సాయంత్రమే కోయించండి. లోపల శుభ్రం చేయించి, ముక్కలు కొట్టకుండా నిండు కోడినే మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. ఎముక నుంచి ముందే కోసేస్తే కండ పట్టు దొరక్క ఇంకా ముడుచుకుంటుంది. ఫ్రీజర్‌లో మాత్రం వెంటనే పెట్టకండి. బిగువు సడలకుండానే గడ్డకడితే, కరిగాక మళ్లీ అదే కథ. బయట గట్టు మీద వదిలేయడం అసలే వద్దు.

చుట్టాలు గుమ్మంలో ఉన్నారు, కోడి ఇప్పుడే కోశారు, ఏం చేయాలంటే: ముక్కలు చిన్నవి కొట్టించి, తొక్కతో నూరిన పచ్చి బొప్పాయి ముద్ద కిలోకు చెంచాడు పట్టించి అరగంట ఉంచండి. కాస్త నయమవుతుంది, అంతే. గంటలు గంటలు ఉంచితే పైపొర పేస్టయిపోతుంది, లోపల బిగువు బిగువుగానే ఉంటుంది.

ఇక ఉప్పు ముందే వేయడం వల్ల, ఊరి నీళ్ల వల్ల, అల్యూమినియం గిన్నె వల్ల ముక్క గట్టిపడిందనే వాదనలు కూడా వింటుంటాను. ఉప్పు ముందే పట్టిస్తే మేలే. నీళ్లూ గిన్నే గురించి మాట్లాడేముందు ఆ కాలు ఒకసారి మడిచి చూశారా?